వాగుకు అవతలి పిండి

మూతబడ్డ బడి పైగదిలో సంఘం మీటింగు.
పిల్లల కురచ బెంచీల మీద
మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని పదకొండు మంది.
నేను రాసేదాన్ని.
మినిట్స్ పుస్తకం నాది, ఓటు నాకు లేదు.

అపెనైన్ కొండల్లో ఈ ఎత్తున గోధుమ నిలవదు.
చెస్ట్‌నట్‌నే ఇక్కడ రొట్టెచెట్టు అంటారు.
కాయల్ని రాతికొట్టంలో అటక మీద పోసి
కింద నలభై రోజులు నిప్పు పెడతారు.
నిప్పు మేల్కొని ఉండాలి గానీ లేచి నిలబడకూడదు.
ఆ తర్వాత తిరగలి.
ఆ తర్వాత, ఈ ఏడాది నుంచి, ముద్ర.

ముద్ర కావాలంటే ఎల్ల కావాలి.
రోమ్ నుంచి వచ్చిన కాగితం అడిగింది:
మీ పిండి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?
ఆకలేసిన ఏళ్ళలో కూడా ఎవరూ అడగని ప్రశ్న.
ఉత్తరాన శిఖరం, పడమట రోడ్డు,
దక్షిణాన వాగు అని రాశాం.
గీత నా చేత్తోనే గీశాను,
ఎర్ర పెన్సిలుతో, బడిలో మిగిలిన స్కేలుతో.

ఎల్వెజియో చెట్లు వాగుకు ఇవతల.
కొట్టం అవతల, ఇరవై అడుగుల్లో.
"మా తాత కట్టిన్నాడు అది ఇవతలే ఉంది.
వరదొచ్చిన ఏడు వాగే లేచొచ్చి
మా గుమ్మం ముందు పడుకుంది.
కదిలింది నేను కాదు" అన్నాడు.
పిండి కొద్దీ రొట్టె అని విన్నాంగానీ
గీత కొద్దీ పిండి ఏమిటని ఒరెస్తె నవ్వబోయి
ఎవరూ కలవకపోతే దగ్గాడు.

అప్పుడు ఫోస్కా ఆరు గిన్నెలు పెట్టింది.
ఎవరి పిండో చెప్పలేదు.
తడివేళ్ళు ముంచి, నాలుక మీద పెట్టుకుని,
కళ్ళు మూసుకుని,
పదిమందిలో ఎనిమిది మంది నాలుగో గిన్నె చూపించారు.
ఆ గిన్నె ఎవరి వంటింటిదో
అడుగున చొట్టే చెప్పేసింది.

రుచి ఎజెండాలో లేదు కాబట్టి
ఇదంతా నేను రాయలేదు.

ఓట్లు: గీతకు ఏడు, ఎల్వెజియోకు మూడు.
నెవియా లేచింది.
"నాకూ నాలుగోదే నచ్చింది, రాసుకో.
అయినా గీతకే ఓటేశాను, అదీ రాసుకో.
ఇవాళ మంచివాడి కోసం ఇరవై అడుగులు వంచితే
రేపు లోయలో లారీలవాడు ఇరవై మైళ్ళు అడుగుతాడు.
ఎక్కడి పిండో తెచ్చి మన పేరు అంటిస్తాడు.
వాడికి లాయరున్నాడు.
ఇతనికి ఉన్నది వాగు కథ."

ఎల్వెజియో టోపీ పెట్టుకున్నాడు.
గిన్నెలో మిగిలిన పిండిని సంచిలోకి దులుపుకుని
గిన్నె చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

ఒక మేక విషయంలో
పద్నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.
అక్టోబరు చివర నెవియా వాగు దాటి వెళ్ళింది.
నా అటక సగం ఖాళీ, అందట.
అతను ఏమన్నాడో వాగు చప్పుడుకు
ఎవరికీ వినబడలేదు.

ఇప్పుడు ఆమె కొట్టంలో రెండు కుప్పలు, నడుమ ఒక పలక.
నలభై రాత్రుల్లో ఇరవై అతనివి.
నిప్పు అప్పగించేటప్పుడైనా మాట్లాడుకుంటారా అని
ఊరంతా ఆరా.
"మాట్లాడుకోరు," అంటుంది ఫోస్కా, "దగ్గుకుంటారు."

అవతల, అతని కొట్టం పైకప్పు పలకల సందుల్లోంచి కూడా
సన్నగా పొగ.
ఆ పిండి ఎవరికోసమో దరఖాస్తులో గడి లేదు.

జనవరిలో అతని బస్తాలకు నేనే ముద్ర వేశాను.
ముప్పై ఒకటో నంబరు మూట విప్పి
చిటికెడు నోట్లో వేసుకున్నాడు.
చాలాసేపు.
"బాగుంది," అన్నాడు. "నాది కాదు."

మార్చి మీటింగుకు ఎజెండా టైపు చేశాను.
మూడో అంశం: వాగును మళ్ళీ కొలవడం.
ఎవరు పెట్టమన్నారని అడుగుతారు.
అడగనీ.
నాకు ఓటు లేదు, టైపు మిషనుంది.